బందరు రోడ్డు, ఒక్క ఊపిరిలో

మా సారు పోయారన్న కబురు నాకు చేరేసరికి నేనొక పెద్దాయన గొంతులో వేసిన గొట్టంలోంచి కఫం లాగుతున్నాను. ఇలాంటి వార్త అందేవేళకి మనిషి కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండాలి, చేతిలో కాఫీ చల్లారిపోతూ ఉండాలి. నాకా అదృష్టం లేదు. జేబులో ఫోను వణికింది. రెండు చేతులకీ గ్లోవ్స్ ఉన్నాయి. పని సగంలో ఆపితే పెద్దాయనకి ఊపిరాడదు. అందుకని మా సారు మరణవార్త నా జేబులోనే కాసేపు నిలబడింది. ఇందుకు మాత్రం ఆయన నన్ను మెచ్చుకుని ఉండేవారు. "ముందు ఉన్నవాణ్ణి చూడరా" అనేవారు.

చేతులు కడుక్కుని చూశాను. నాతో చదువుకుని ఇప్పుడు ఇదే ఆసుపత్రిలో పిల్లల వార్డులో పనిచేస్తున్న అమ్మాయి పెట్టిన మెసేజీ. సారు నిన్న పొద్దున పామర్రులో పోయారట. చాలాకాలంగా ఊపిరితిత్తుల జబ్బట. సాయంత్రానికే అన్నీ అయిపోయాయట. అన్నీ అయ్యేదాకా మనకెవరికీ చెప్పొద్దని ఆయనే అన్నారట.

ఆ మెసేజీలో 'పోయారట' అన్న మాట నాకు రెండోసారి చదివినప్పుడు గానీ ఎక్కలేదు. మొదట ఎక్కింది 'చాలాకాలంగా'. పాఠకులు ఇక్కడొక్క క్షణం ఆగాలి. ఆయన ఊపిరి చూడటం నేర్పే మాస్టారు. మేము ఆయన దగ్గర అది నేర్చుకున్న పాతికమందిమి. రోజూ పొద్దున్నే ఆయన వెనక మెట్లెక్కినవాళ్ళం. దీపం కింద చీకటి అంటారు కదా, ఇక్కడ దీపాలు పాతిక. చీకటి మాత్రం ఒక్కటే, ఆరడుగుల మనిషి, తెల్ల ఏప్రను వేసుకుని మా మధ్యలోనే తిరిగింది.

కాబట్టి ముందే మనవి చేసుకుంటున్నాను. ఇది నివాళే. కానీ రాసేవాడు కోపంగా ఉన్నాడు. 'తీరని లోటు' లాంటి మాటలు ఇందులో దొరకవు. నన్ను మోసం చేసిన మనిషి గురించి రాస్తున్నాను. నాకు బాగా ఇష్టమైన మనిషి గురించి కూడా. ఇద్దరూ ఒకరే కావడం నా ఖర్మ.

మా ఉద్యోగమేమిటో చెప్పకపోతే మోసం ఎక్కడుందో తెలియదు. నేను రెస్పిరేటరీ థెరపిస్టుని. ఈ మాట అన్న ప్రతిసారీ అవతలివాళ్ళు వేడి ఇడ్లీ నోట్లో పెట్టుకున్నట్టు ముఖం పెడతారు. డాక్టరా? కాదండి. మేల్ నర్సా? కాదండి. మరి? ఊపిరాడని వాళ్ళకి ఆడేలా చూస్తామండి. వెంటిలేటరు తగిలించడం, అది ఎంత గాలి ఎంత ఒత్తిడితో పంపాలో డాక్టరుగారితో మాట్లాడి సర్దడం, మనిషి తేరుకుంటున్నకొద్దీ మెల్లమెల్లగా దాన్నుంచి విడిపించడం, మణికట్టు దగ్గర లోపలి నాళంలోంచి రక్తం తీసి అందులో ఆక్సిజన్ ఎంతుందో చూడటం, ఆయాసం ఉన్నవాళ్ళకి మందు పొగ పెట్టడం, ఇన్‌హేలరుని సెంటు సీసాలా మెడ మీద కొట్టుకునే పెద్దమనుషులకి అది నోట్లోకని నచ్చజెప్పడం, అరచేతిలో పట్టే పసికందులకి ముక్కులో సన్నటి గొట్టాలు అమర్చడం. ఇంతా విని తల ఊపి, "అంటే కాంపౌండరన్నమాట" అంటారు. హనుమాన్ జంక్షన్‌లో టైర్ల షాపున్న మా నాన్న మాత్రం ఒక్క ముక్కలో తేల్చేశాడు. "నేను లారీలకి గాలి కొడతా. మావోడు మనుషులకి కొడతాడు."

నేను ఈ ఉద్యోగం కోరుకుని రాలేదు. మెడిసిన్ పరీక్షలో నా ర్యాంకు ఫోను నంబరంత పొడుగొచ్చింది. దాంతో ఎక్స్‌రే కోర్సులో చేరదామని బెజవాడ వచ్చాను. చీకటి గది, ఒక బటను, ఏసీ. నా ఆదర్శాలు అంతవరకే ఉండేవి. అడ్మిషన్ల రోజు నా ముందున్న వరస పొడుగ్గా ఉంది, పక్క టేబులు ఖాళీగా ఉంది. ఆ టేబులు వెనక సారు కూర్చుని ఉన్నారు. ఏ ఊరని అడిగారు. నాన్నగారేం చేస్తారని అడిగారు. బిజినెస్ అన్నాను. ఏం బిజినెస్ అన్నారు. ఆటోమొబైల్స్ అన్నాను. ఆయన నా గోళ్ళ సందున ఉన్న నలుపు చూసి, "పంక్చర్లు వేస్తావా?" అన్నారు. సిగ్గుతో చచ్చి, వేస్తానన్నాను. ఆయన ముఖం వెలిగింది.

"అయితే సగం కోర్సు వచ్చేసినట్టేరా నీకు. గాలి ఎక్కువైతే పగులుతుంది, తక్కువైతే అరుగుతుంది. ఊపిరితిత్తులైనా అంతే. మిగతా సగం నేను చెబుతాగా, కూర్చో."

కూర్చున్నాను. ఎక్స్‌రే వరస అటే పోయింది. మాది మిషన్లతో పని, నువ్వొక రకంగా ఇంజనీరువి అని ఆయన ఆ రోజు అన్న మాటకి నేను సాక్ష్యం పలుకుతాను. క్లాసులు మొదలైన మొదటి రోజు ఆ ఇంజనీరు చేతిలో చిన్న ప్లాస్టిక్ డబ్బా పెట్టారు. అందులో ఎవరిదో తెమడ. రంగు చెప్పమన్నారు. పసుపన్నాను. ఎలాంటి పసుపు అన్నారు. తంగేడు పువ్వుదా, ఆవకాయ నూనెదా? ఇది నా మీద జరిగిన మొదటి మోసం. పైన చెప్పిన కోపానికి దీనికీ సంబంధం లేదు, ఇది క్షమించేశాను.

ఆయనకి మా పేర్లు గుర్తుండేవి కావు, లేదా గుర్తు లేనట్టు నటించేవారు. ఊళ్ళతో పిలిచేవారు. నేను జంక్షను. ఆ మెసేజీ పెట్టిన అమ్మాయి గుణదల. ఆయన మాత్రం పామర్రు. రైతు కుటుంబం. ఈ కోర్సనేదే లేని రోజుల్లో ఆక్సిజన్ సిలిండర్లు దొర్లించే పనిలో చేరి, చూసి నేర్చుకుని, ఆ తర్వాత చదివి, చివరికి మాకు చదువు చెప్పే కుర్చీలోకి వచ్చిన మనిషి. అందుకే పుస్తకంలో లేనివి కూడా చాలా చెప్పేవారు.

వాటిలో మొదటిది ఊపిరి లెక్క. ఇది వినడానికి తేలిక. మనిషి నిమిషానికి ఎన్నిసార్లు గాలి పీలుస్తున్నాడో లెక్కపెట్టాలి. కానీ ఎవరినైనా "మీ ఊపిరి లెక్కపెడుతున్నా" అని చెప్పి చూడండి, ఆ మనిషి వెంటనే ఫొటోకి నిలబడ్డట్టు పీలుస్తాడు. అందుకని మా వృత్తిలో చిన్న దగా ఉంది. పేషెంటు మణికట్టు పట్టుకోవాలి. నాడి చూస్తున్నట్టు గడియారం వంక చూడాలి. కంటి కొసతో ఛాతీ చూడాలి. పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించడం అందరూ చేసే పని. సారు ఒప్పుకునేవారు కాదు. పూర్తి నిమిషం. అరవై సెకన్లు ఒక మనిషి చెయ్యి పట్టుకుని నిలబడలేనివాడు ఇంటికెళ్ళి పంక్చర్లు వేసుకోవచ్చనేవారు. ఇది నన్నుద్దేశించి అనలేదని చాలాకాలం అనుకున్నాను.

ఒకసారి వార్డులో ఎనిమిదిమందికీ నేను పద్దెనిమిది అని రాసేశాను. క్యాంటీన్‌లో పెసరట్టు చల్లారిపోతుందన్న తొందర. ఆయన కాగితం చూసి నన్ను పక్కకి పిలిచారు. "అందరికీ పద్దెనిమిదేనా? వార్డులో ఉన్నది పేషెంట్లా, గోడ గడియారాలా? మరీ బాగున్న లెక్కని నమ్మకురా జంక్షనూ. మనిషి లెక్క ఎప్పుడూ కొంచెం వంకరగా ఉంటుంది." ఈ మాట గుర్తుపెట్టుకోండి. నేను పెట్టుకోలేదు.

రెండోది బందరు రోడ్డు. ఆయాసం ఎంతుందో తెలియడానికి మనిషి ఒక్క ఊపిరిలో ఎన్ని మాటలు అనగలడో చూస్తారు, ఇది పుస్తకంలోనే ఉంది. సారు దాన్ని మన రోడ్డెక్కించారు. బెజవాడ బస్టాండులో బస్సెక్కారు, బందరు దాకా ఊళ్ళు చెప్పండి, మధ్యలో గాలి పీల్చకూడదు అనేవారు. కానూరు, తాడిగడప, పోరంకి, పెనమలూరు, కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు, నిడుమోలు, బందరు. మా ఐసీయూలో డాక్టర్లు కూడా పొద్దున్నే "నాలుగో బెడ్డు ఎక్కడిదాకా వచ్చింది?" అని అడిగేవారు. "నిన్న పోరంకి సార్, ఇవాళ ఉయ్యూరు దాటాడు." బయటివాళ్ళు వింటే మేము ఆసుపత్రి నడుపుతున్నామో ఆర్టీసీ డిపో నడుపుతున్నామో అర్థమయ్యేది కాదు. బందరు చేరినవాళ్ళని ఇంటికి పంపేవాళ్ళం.

కైకలూరు వైపు నుంచి చేపల వ్యాపారం చేసే ఒకావిడ వచ్చింది, ఉబ్బసం. బందరు రోడ్డు చెప్పమంటే ఆవిడకి కోపం వచ్చింది. "నాకు బందరులో ఏం పనయ్యా? నేనెప్పుడైనా ఆ రోడ్డెక్కానా?" అంది, ఆ రెండు ముక్కలకే మూడుసార్లు ఆగి. నేను పరీక్ష రూలు వివరించబోయాను. సారు నన్ను వెనక్కి లాగి, పోనీ మీ చేపలు చెప్పమ్మా అన్నారు. శీలావతి, బొచ్చె, కొర్రమీను అని ఆగింది. కాగితం మీద 'కొర్రమీను' అని రాయించారు నా చేత. నాలుగో రోజు ఆవిడ శీలావతి దగ్గర బయల్దేరి, వాలుగ, జెల్ల, బొమ్మిడాయి, మట్టగిడస అన్నీ దాటి, నాకు పేరు తెలియని చేపల్లోకి వెళ్ళిపోయింది. సారు చేతులెత్తి నమస్కారం పెట్టి, ఇక ఇంటికెళ్ళమ్మా, నీ ఊపిరి నాకంటే బాగుంది అన్నారు. మేమంతా నవ్వాం. అది జోకనుకున్నాం.

ఇక మెట్లు. మా డిపార్టుమెంటు మూడో అంతస్తులో ఉంది. లిఫ్టు పేషెంట్లదనీ, కాళ్ళున్న వాళ్ళందరూ మెట్లెక్కాలనీ రూలు పెట్టింది ఆయనే. మేము ఫస్టియర్‌లో ఉన్నప్పుడు కింద మొదలుపెట్టిన వాక్యాన్ని ఆయన మూడో అంతస్తులో ముగించేవారు, మధ్యలో మేము రొప్పేవాళ్ళం. ఆ తర్వాత ఏడాదికేడాది ఆయనకి చదువు చెప్పాలన్న తపన ఎక్కువైంది. ప్రతి మలుపు దగ్గరా ఆగి, గోడకి చెయ్యి ఆనించి, వెనక్కి తిరిగి ఒక ప్రశ్న వేసేవారు. మేము జవాబు చెబుతుంటే కళ్ళు మూసుకుని వినేవారు. తప్పు చెప్పినా వెంటనే ఆపేవారు కాదు, పూర్తిగా చెప్పనిచ్చేవారు. ఎంత ఓపికో అనుకునేవాళ్ళం. దానికి మెట్ల వైవా అని పేరు పెట్టుకున్నాం. జూనియర్లకి మలుపుల వారీగా ప్రశ్నలు రాసిచ్చాం. చివరి ఏడాది ఒక్కో మలుపుకి రెండేసి ప్రశ్నలయ్యాయి. ఆయన చెయ్యి ఆనించే చోట గోడ మీద సున్నం అరచెయ్యంత మేర నల్లబడింది. ఆ మచ్చ చూసి కూడా, పాఠకులారా, మేము ప్రశ్నలకే భయపడ్డాం.

ఇంకా ఉంది. ఆయన మాటల్ని మేము నోటుపుస్తకాల చివర రాసుకునేవాళ్ళం. గుణదల దగ్గర మొత్తం ఉన్నాయి, ఏ సంవత్సరంవి ఆ సంవత్సరంలో. మెసేజీ వచ్చిన రోజు మధ్యాహ్నం వాటి ఫొటోలు పంపమన్నాను. ఫస్టియర్‌లో ఇలా ఉంది: "వెంటిలేటరంటే పంటురా. రేవులో నిలబడ్డవాణ్ణి అవతలి ఒడ్డుకి చేరుస్తుంది, అంతే. అవతల ఒడ్డుందో లేదో చూడకుండా ఎక్కించారనుకో, పాపం వాడు ఏటి మధ్యలో తిరుగుతూనే ఉంటాడు." ఇంత పొడుగు మాట ఆయన ఒక్క బిగిన అనడం నాకు గుర్తుంది. థర్డియర్‌కి అదే మాట "ఒడ్డు చూసి పంటెక్కించు" అయింది. నేను ఉద్యోగంలో చేరాక "ఒడ్డుందా? చూడు" అయింది. మేము ఆయన ఋషి అయిపోతున్నారనుకున్నాం. మాట పదునెక్కిందనుకున్నాం. "చూడు. తర్వాత మాట్లాడు" అన్నదాన్ని ఫ్రేము కట్టించి డిపార్టుమెంటు గోడకి తగిలించాం. పేషెంటు ఒక్క ఊపిరికి ఎన్ని మాటలంటున్నాడో లెక్కపెట్టే పాతికమందిమి, మాస్టారి మాటలు తగ్గిపోతుంటే ఫ్రేము కట్టించుకున్నాం.

దగ్గు కూడా ఉండేది. బెజవాడ దుమ్మురా అనేవారు. బెజవాడలో దుమ్ము లేదని ఎవరు వాదిస్తారు?

పోయినేడు దసరా ముందు ఆయన ఉద్యోగం మానేశారు. ఇంకా వయసుంది. అడిగితే పొలం చూసుకోవాలన్నారు. వీడ్కోలు సభలో పెద్దలు గంటన్నర మాట్లాడారు. శాలువా కప్పించుకుని మైకు ముందుకొచ్చిన సారు "బాగా చూడండి. చాలు" అని కూర్చున్నారు. హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. నేను ఈల కూడా వేశాను.

ఇప్పుడు అసలు మోసం.

ఆయన పోవడానికి రెండు వారాల ముందు, నా వారాంతపు సెలవు రోజు, చూడ్డానికి పామర్రు వెళ్ళాను. ముందురోజే ఫోను చేసి వస్తున్నానని చెప్పాను. పేషెంటుకి ముందే కబురు పెట్టి ఊపిరి లెక్కపెట్టడానికి వెళ్ళేవాణ్ణి మా సిలబస్‌లో వెధవ అంటారు. సారు వరండాలో కుర్చీలో ఉన్నారు. ఇస్త్రీ చొక్కా, ఆ ఎండలో కూడా పొడుగు చేతులు, బొత్తాలన్నీ పెట్టి. చిక్కిపోయారు. చేతులు ఒళ్ళో గుప్పిళ్ళు బిగించి పెట్టుకున్నారు. గోళ్ళు గుండ్రంగా ఉబ్బి ఉంటే ఊపిరితిత్తుల జబ్బుని అనుమానించమని మాకు చెప్పిన మనిషి గుప్పిళ్ళు బిగించి కూర్చుంటే, నేను అరటిపళ్ళు టీపాయి మీద పెట్టి కబుర్లు మొదలుపెట్టాను. నాలాంటి వాగుడుకాయ వస్తే ఇంటాయన మాట్లాడాల్సిన అవసరమే రాదు. ఆయన నవ్వారు, తల ఊపారు, మధ్యమధ్య "ఊ" అన్నారు.

అయినా ఎక్కడో తేడా కొట్టింది. నేను మరీ అంత చవటని కాదు. లేచేటప్పుడు బస్సుకి టైమైందండీ అంటూ ఆయన మణికట్టు పట్టుకున్నాను, సెలవు తీసుకుంటున్నట్టు. గడియారం వంక చూశాను. కంటి కొసతో చొక్కా జేబు చూశాను, అది లేస్తూ పడుతూ ఉంది. ఆయన గేటు మీద వాలిన కాకి వంక చూస్తున్నారు. పూర్తి నిమిషం లెక్కపెట్టాను.

పదహారు.

నా గుండె మీంచి బస్తా దించినట్టయింది. ఆ ఉత్సాహంలో, ఏదీ సారూ, బందరు రోడ్డు ఒకసారి చెప్పండి అని ఆటపట్టించాను. ఆయన నవ్వి, "ఉండేది పామర్రేగా. ఎక్కడికెళ్ళాలి?" అన్నారు. నేను పగలబడి నవ్వాను. ఉయ్యూరు దాటేలోపే గుణదలకి ఫోను చేసి, పదహారే, మనిషి రాయిలా ఉన్నాడని చెప్పాను. పాఠ్యపుస్తకంలో ఉండే నిఖార్సైన పదహారు. మనిషి లెక్క వంకరగా ఉంటుందని చెప్పిన మనిషి దగ్గర, వంకర లేని పదహారు.

కబురొచ్చిన మర్నాడు, మూడో రోజు, మళ్ళీ పామర్రు వెళ్ళాను. ఈసారి ఫోను చెయ్యలేదు. సారుగారి భార్యని మేము అమ్మగారనే అనేవాళ్ళం. బంధువులు ముందు గదిలో ఉన్నారు. ఆవిడ నన్ను వెనక గదిలోకి తీసుకెళ్ళి కుర్చీ చూపించారు. అక్కడ మంచం పక్కన పాత దుప్పటి కప్పి ఏదో ఉంది. దుప్పటి తీయకుండానే ఆ ఎత్తుని బట్టి అదేమిటో నాకు తెలిసిపోయింది. ఇళ్ళలో వాడే ఆక్సిజన్ మిషను. అలవాటు చొప్పున దుప్పటి తొలగించి చూశాను. గాలిని తడిపే సీసాలో బోరు నీళ్ళు పోసినట్టున్నారు, అడుగున తెల్లగా ఉప్పు కట్టింది. గొట్టం అవసరానికి మించి పొడుగుంది, మంచం కోడు దగ్గర మడత పడింది. ముక్కుకి పెట్టుకునే గొట్టానికి చెవుల మీదుగా వచ్చే చోట చీర పేలిక చుట్టి ఉంది.

"చెవుల వెనక ఒరుసుకుని పుండ్లు పడ్డాయి బాబూ" అన్నారు అమ్మగారు. "నా పాత చీర చింపి కట్టాను. సరిగ్గా కుదర్లేదు."

అక్కడ దూది ఎలా పెట్టాలో నాకు నేర్పింది ఆయనే. అయిదు నిమిషాల పని. సీసాలో కాచి చల్లార్చిన నీళ్ళు పోయడం ఇంకో రెండు నిమిషాలు. నేను ముక్కూ ముఖం తెలియని వాళ్ళకి రోజుకి పదిసార్లు చేసే పని. రెండు వారాల కిందట ఈ గదికీ నేను కూర్చున్న వరండాకీ మధ్య ఒక గోడే ఉంది.

మీరైనా చెప్పొచ్చు కదండీ అన్నాను. గొంతు కొంచెం పెద్దదే అయింది. ముందు గదిలో మాటలు ఆగాయి.

"చెప్పనిస్తేనా" అన్నారు ఆవిడ. ఆరేళ్ళుగా ఉందట. ఊపిరితిత్తులు ఎండిన బీరపీచులా గట్టిపడే జబ్బు, ఎందుకొస్తుందో తెలియదు, వెనక్కి తగ్గదు. హైదరాబాదులో ఒక డాక్టరుకీ, ఇంట్లోవాళ్ళకీ తప్ప తెలియదు. ఆరేళ్ళంటే నేను పంక్చర్ల చేతులతో ఆయన టేబులు ముందు కూర్చున్న మరుసటి ఏడు. అంటే నాకు ఆయన నేర్పిన దాదాపు ప్రతిదీ ఆ జబ్బుతోనే నేర్పారు. "మీ ఐసీయూకి పోదామని ఎన్నోసార్లు అన్నాను. ఏమనేవారో తెలుసా? అక్కడికెళ్తే జంక్షనోడు గొట్టం వేస్తాడు, ఒడ్డు లేదని వాడికీ తెలుసు, మళ్ళీ తియ్యాల్సింది కూడా వాడే, వాడి చేత ఆ పని చేయించను అనేవారు."

ఇది విని నేను కరిగిపోయానని రాస్తే బాగుంటుంది. కరగలేదు. నా చేత ఏం చేయించాలో, నేను దేన్ని మొయ్యగలనో నన్ను అడగకుండా తేల్చడానికి ఆయనెవరు? గొట్టం వద్దంటే వెయ్యను. దూది పెట్టేవాణ్ణి. పక్కన కూర్చునేవాణ్ణి. ఒడ్డు లేనివాణ్ణి పంటెక్కించొద్దన్నారు గానీ, రేవులో ఒంటరిగా నిలబెట్టమని ఆయన నాకెప్పుడూ నేర్పలేదు. వేలమంది ఊపిరి నా చేతుల్లో పెట్టి, తన ఒక్కడి ఊపిరి దగ్గరికొచ్చేసరికి నన్ను వరండాలో కూర్చోబెట్టారు. ఇదంతా అమ్మగారితో అనలేదు. పదహారు ఎలా వచ్చిందండీ అని మాత్రం అడిగాను.

ఆవిడకి మొదట అర్థం కాలేదు. ఆ రోజు నేను చెయ్యి పట్టుకున్నానని గుర్తు చేశాను. అప్పుడు ముఖం మారింది.

"నువ్వు వస్తున్నావని ఫోను చేశావు చూడు, అప్పట్నించే మొదలు. వాడు పోతూపోతూ చెయ్యి పట్టుకుంటాడు చూడు అన్నారు. నువ్వు వీధి చివర కనిపించేదాకా మిషను తియ్యలేదు. తీసి వచ్చి కూర్చున్నారు. నువ్వు చెయ్యి పట్టుకున్నప్పుడు నేను తలుపు వెనకే ఉన్నాను. ఎలా బిగబట్టారో బాబూ, మెడ నరాలు నాకు వెనకనించే కనిపించాయి. నువ్వు గేటు దాటాక ఇద్దరం కలిసి మంచం దాకా తీసుకొచ్చాం, నేనూ మా మరిదీ. గంటసేపు మాట లేదు. ముఖమంతా నీలం."

ఆవిడ కొంగుతో ముక్కు తుడుచుకున్నారు. ఎందుకో నవ్వు కూడా వచ్చింది ఆవిడకి.

"తర్వాత నవ్వారు. 'వెధవ' అన్నారు. ఆగారు. 'పూర్తి నిమిషం' అన్నారు. మళ్ళీ ఆగారు. 'లెక్కపెట్టాడు' అన్నారు."

పదిహేను సెకన్లతో సరిపెట్టి ఉంటే, ఆయనకి మిగతా నలభై అయిదు సెకన్ల నరకం తప్పేది. లోకంలో అందరూ సరిపెడతారు. ఆయన చెప్పినట్టు వినకుండా ఒక్కరోజు నేను పాత జంక్షను వెధవలా ప్రవర్తించి ఉంటే చాలు. ఆ మూడు ముక్కలు మెచ్చుకోలో ఫిర్యాదో నేనింకా తేల్చుకోలేదు. నాలుగేళ్ళ కోర్సులో ఆయన నన్ను ఒక్కసారీ మెచ్చుకోలేదు కాబట్టి పోల్చుకోవడానికి నా దగ్గర నమూనా లేదు.

తిరిగొచ్చేముందు ఆ సీసా కడిగాను. ఇక ఎవరికీ అక్కర్లేదని తెలుసు. ఉప్పు పోయేదాకా కడిగి, బోర్లించి వచ్చాను.

మర్నాడు డ్యూటీకి వెళ్ళాను. రెండో మలుపు దగ్గర అరచేతి మచ్చ అలాగే ఉంది. నా వెనక వస్తున్న ఫస్టియర్ పిల్లలు అక్కడ ఆగారు, ప్రశ్న వస్తుందేమోనని. అక్కడ ఆగడం వాళ్ళకి సీనియర్లు నేర్పారు. ఎందుకు ఆగుతారో ఎవరూ నేర్పలేదు. నేను ప్రశ్నేమీ వెయ్యలేదు. మచ్చ వంక చూడకుండా పైకి నడిచాను. ఇంకా కోపంగానే ఉంది.

కబురొచ్చినప్పుడు నేను కఫం లాగుతున్న పెద్దాయనకి నిన్న పొద్దున గొట్టం తీసేశాం. ఉంగుటూరు వైపు రైతు. గొంతు బొంగురుపోయింది గానీ కళ్ళు తేటగా ఉన్నాయి. ఇవాళ బందరు రోడ్డు చెప్పమన్నాను. విచిత్రంగా చూసి, మొదలుపెట్టారు. కానూరు, తాడిగడప, పోరంకి, పెనమలూరు. కంకిపాడు దగ్గర కొంచెం తడబడ్డారు. ఉయ్యూరు. పామర్రు. అక్కడ ఆగి, ఇక రావట్లేదన్నట్టు చెయ్యి ఊపారు.

పర్లేదండీ, మిగతాది రేపు వెళ్దాం అన్నాను. ఆయన మణికట్టు పట్టుకుని గడియారం వంక చూశాను. దుప్పటి లేచి పడుతోంది, ఒకసారి లోతుగా, ఒకసారి తేలిగ్గా, మధ్యలో ఒకటి ఎగిరిపోయినట్టుగా. పది సెకన్లు. పదిహేను. ముప్ఫై. పెద్దాయన నా ముఖంలోకి చూస్తున్నారు.

"నాడి బాగుందా బాబూ?"

నాడి నేను చూడనేలేదు. బాగుందండీ అన్నాను. నలభై. ఆయన నమ్మి కళ్ళు మూసుకున్నారు. యాభై. చెయ్యి వదల్లేదు.